ఓడలో అమ్మకు ఏ గది?

పోయిన నెల ఒక ఆదివారం ఆరాధన ముగిసి అందరూ గుడి బయట చెప్పులు వెతుక్కుంటున్న వేళ మా సంఘంలోని ఒక తమ్ముడు నా దగ్గరికి వచ్చాడు. వెంకటగిరికోటలో టమాటా మండీలో లెక్కలు రాసే పని అతనిది.

"అక్కా, మీరు అండమానుకు ఓడలో పోయొచ్చినారంట గదా. మా చెల్లెలు ఆడనే ఉండాది. మాయమ్మ ఒకసారి పోయి చూడాల అని ఒకటే పోరు. అమ్మకు మంచి కేబినులో ఒక టికెట్టు తీసేసి, నేనూ నా పెండ్లామూ పిల్లోళ్లూ కింద బంకులో పండుకుంటే సరిపోతాది గదా?" అని అడిగాడు.

ఆ మాట వినగానే నాకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. 2017 జనవరిలో మేము చేసిన పొరపాటు అక్షరాలా అదే. ఆ తమ్మునికి నిలుచున్న చోటనే చెప్పగలిగింది కొంచెమే. మన పల్లెల్లో ఇప్పుడు చాలా ఇండ్లలో ఒక బిడ్డ బెంగళూరులోనో, మరొక బిడ్డ సముద్రం అవతలనో ఉంటున్నారు. ముసలి తల్లిదండ్రులను వెంటబెట్టుకొని దూర ప్రయాణం చేయవలసిన అవసరం నేడో రేపో అందరికీ వస్తుంది. గనుక ఆ సంగతి కొంచెం వివరంగా రాస్తున్నాను.

మా ఆడబిడ్డ కుటుంబం పోర్ట్ బ్లెయిర్‌లో ఉంటుంది. ఆ ఊరికి 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురం అని పేరు మార్చారు గాని, మా ఇంట్లో ఇప్పటికీ పాత పేరే నోటికి వస్తుంది. అక్కడ తెలుగువారు తక్కువ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ ద్వీపాలలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగే. వారిలో ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి పోయినవారు. మన చిత్తూరు జిల్లా వాళ్లు అరుదు. మా అత్తగారికి అప్పుడు 74 ఏండ్లు. రక్తపోటు ఉంది, మోకాళ్లు నొప్పులు, రాత్రిళ్లు చెవి సరిగా వినిపించదు. కూతురి రెండో కాన్పు అయి ఏడాది దాటినా మనుమరాలిని ఎత్తుకోలేదని ఆమెకు దిగులు. విమానమంటే భయం. "పైన ఏమి పట్టుకోని నిలబడతాది పాపా అది?" అని అడిగేది. పైగా ఆమె తీసుకుపోదలచిన సామాను చూస్తే విమానంవాళ్లు మమ్మల్ని దించి సామానును మాత్రమే ఎక్కించుకునేవాళ్లేమో! రెండు జాడీల ఊరగాయ, పది సేర్ల రాగిపిండి, వేరుశనక్కాయల మూట.

ఓడ సంగతి తెలియనివారి కొరకు రెండు మాటలు. చెన్నై రేవు నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ప్రయాణికుల ఓడలు నడుస్తాయి. అవి కోల్‌కతా నుంచి కూడా ఉన్నాయి, విశాఖపట్నం నుంచి కూడా పోతాయి గాని తక్కువసార్లు. చెన్నై నుంచి సుమారు 60 గంటల ప్రయాణం, గాలివాన ఉంటే ఇంకా ఎక్కువ. బయలుదేరే తేదీలు చాలా ముందుగా తెలియవు గనుక సెలవు పెట్టేవాళ్లు అటూ ఇటూ రెండు మూడు రోజులు వదులుగా పెట్టుకోవాలి. అక్కడ స్థిరపడి ద్వీపవాసి గుర్తింపు కార్డు ఉన్నవారికి టికెట్టు బాగా తక్కువ. మనలాంటి వాళ్లకు ఎక్కువ. ఓడలో తరగతులు ఇట్లా ఉంటాయి. అన్నిటికంటే చవకది బంకు. పెద్ద హాలులో వరుసగా ఇనుప మంచాలు, కిందొకటి పైనొకటి, మన హాస్టళ్లలో మాదిరి. తర్వాత సెకండు క్లాసు కేబిను, అందులో నలుగురో ఆరుగురో. ఫస్టు క్లాసులో నలుగురు. డీలక్సు అంటే ఇద్దరికే ఒక గది, మరుగుదొడ్డి లోపలే. మేము పోయినప్పుడు సెకండు క్లాసుకు బంకు ధరకు రెండింతలకు పైగా, డీలక్సుకు దాదాపు నాలుగింతలు పెట్టవలసి ఉండింది.

మా ఇంట్లో అప్పుడు మా బావగారూ మా ఆయనా కూర్చొని లెక్కలు వేశారు. అందరికీ కేబినులు తీస్తే ఒక ఆవును అమ్మవలసి వచ్చేటట్టుంది. "అమ్మ ఒక్కదానికి కేబిను తీద్దాం. ఆమె సుఖంగా పండుకుంటే చాలు. మనకేమి, బంకులో గడిపేస్తాం" అని తేల్చారు. తల్లిని గౌరవించామని వారికీ సంతోషమే, నాకూ సంతోషమే. మా అత్తగారిని అడిగితే "మీ ఇష్టం నాయనా" అంది. ఆ మాటను మేము సమ్మతి అనుకున్నాము. ఇంటి పెద్దవాళ్లు "మీ ఇష్టం" అంటే అందులో సగం పాళ్లు భయం ఉంటుందని నాకు అప్పుడు తెలియదు.

పేర్ణంబట్టు ఘాటు దిగి, గుడియాత్తంలో రైలెక్కి చెన్నై చేరాము. రేవులో ఓడ పక్కనుంచి వాల్చిన మెట్ల మీద ఆమెను ఎక్కించడానికే పావుగంట పట్టింది. ఆమె కేబినులో మరి ముగ్గురు స్త్రీలున్నారు. ఇద్దరు బెంగాలీలు, ఒకామె తమిళురాలు. మంచివాళ్లే. మా అత్తగారికి తమిళం కొంచెం వస్తుంది. మన సరిహద్దు ఊళ్లవాళ్లకు మూడు భాషలు రావడం వింత కాదు గదా. అయితే ఆ తమిళామె ఓడ కదిలినప్పటినుంచి వాంతులతో లేవలేదు. మేము రెండు అంతస్తుల కింద బంకు హాలులో ఉన్నాము. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి నేను పైకి పోయి అన్నం పెట్టి, కొంచెంసేపు కూర్చొని దిగి వచ్చేదాన్ని.

రెండో రోజుకు ఆమె ముఖం వాడిపోయింది. ఓడ పడలేదేమో అనుకున్నాను. అసలు సంగతి తర్వాత తెలిసింది. ఆ కేబినుకు మరుగుదొడ్డి లోపల లేదు, నడవా చివర ఉంది. అంత దూరం రాత్రివేళ ఊగే ఓడలో పోవలసి వస్తుందని ఆమె నీళ్లు తాగడం మానేసింది. అంతటితో ఆగలేదు. రక్తపోటుకని డాక్టరు రాసిచ్చిన మాత్రలలో ఒకటి మూత్రం ఎక్కువ చేసేది. మన ఊళ్లలో నీళ్ల మాత్ర అంటారు. దాన్ని కూడా మాకు చెప్పకుండా కొంగులో ముడి వేసి పెట్టుకుంది. మన తల్లులు బస్సెక్కే ముందు రోజు నుంచే నీళ్లు తాగడం తగ్గించేస్తారు, మీరు గమనించారో లేదో. బడి పంతులమ్మగా నేను ఎన్నో విహారయాత్రలకు పిల్లలను తీసుకుపోయాను, పిల్లలు "టీచర్, ఒంటికి" అని నోరు తెరిచి అడుగుతారు. పెద్దవాళ్లు అడగరు.

ఆ రాత్రి రెండు గంటలప్పుడు ఇక ఆపుకోలేక ఆమె లేచింది. ఓడలో గుమ్మాలకు అడుగున జానెడు ఎత్తు ఇనుప గడప ఉంటుంది. నీళ్లు ఒక గదిలోనుంచి మరొక గదిలోకి పోకుండా కట్టిన ఏర్పాటు అది. మన ఇంటి గడపకు పసుపు రాస్తారు, బొట్టు పెడతారు, చీకట్లో కూడా కాలికి అలవాటై ఉంటుంది. ఆ గడప ఆమె కాలికి కొత్త. తట్టుకొని నడవాలో పడిపోయింది. ముడుకు కింద చర్మం చీలింది, మణికట్టు వాచింది. లేవలేక గోడకు ఆనుకొని ఎంతసేపు కూర్చుందో ఆమెకే తెలియదు. ఆ బెంగాలీ స్త్రీలలో ఒకామె లేచి చూసి, ఓడ సిబ్బందిని పిలిచి, మా బంకు నెంబరు కనుక్కొని మనిషిని పంపింది. ఓడలోని డాక్టరు కట్టు కట్టాడు, ఎముక విరగలేదన్నాడు. ఓడవాళ్ల తప్పు ఇసుమంత లేదు. తప్పు మాది.

నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చొని ఏడుస్తుంటే ఆమె నా తల మీద చెయ్యి వేసి అన్న మాట ఇది: "నన్ను గొప్పగానే పెట్టినారు పాపా. ఒంటిగా పెట్టినారు, అంతే."

మిగిలిన ప్రయాణమంతా నేను ఆ కేబినులోనే నేల మీద దుప్పటి పరచుకొని పడుకున్నాను. ఆ ముగ్గురు స్త్రీలు ఏమీ అనలేదు.

తిరుగు ప్రయాణానికి మేము మళ్లీ లెక్కలు వేశాము. ఈసారి ఆమెను కూర్చోబెట్టుకొని వేశాము. ఆమె మొదట "నేనూ బంకులోనే మీతోనే పండుకుంటా" అని పట్టుబట్టింది. అందులో న్యాయం లేకపోలేదు. బంకు హాలులో మనుషులుంటారు, లేస్తే ఎవరో ఒకరు చూస్తారు, మాట వినిపిస్తుంది. అయితే అక్కడికి దిగే మెట్లు నిటారు. ఒకే హాలుకు ఉన్న మరుగుదొడ్ల దగ్గర పొద్దున్నే వరుస. వాంతులు చేసుకునేవాళ్ల వలన నేల ఎప్పుడూ తడి. మా ఆయన చివరికి నలుగురి ఫస్టు క్లాసు కేబిను ఒకటి తీసి, మా నలుగురికీ అందులోనే సర్దాడు. అంటే అత్తగారు, నేను, మా ఆయన, మా పిల్లవాడు. బావగారు ఒక్కరే బంకులో. అయిన ఖర్చును అన్నదమ్ములిద్దరూ పంచుకున్నారు. ఆవును అమ్మలేదు గాని, ఆ ఏడు పాకకు రేకులు వేయడం మానుకున్నాము.

ఆ కేబినులో కింది మంచాలు రెండూ ఆడవాళ్లకు, పైవి రెండూ మగవాళ్లకు. ఆమె మంచమూ నా మంచమూ ఎదురెదురు, చెయ్యి చాపితే అందేటంత దూరం. మరుగుదొడ్డి తలుపు నాలుగడుగులు. రాత్రంతా లోపలి దీపం వెలిగించి తలుపు ఓరగా వేశాము. గడప మీద నా తెల్ల తువ్వాలు మడిచి పరిచాను, చీకట్లో గుర్తుపట్టడానికి. కష్టాలు లేవని చెప్పను. కొడుకు ఎదుట చీర మార్చుకోవడానికి ఆమెకు సిగ్గు. రోజుకు రెండుసార్లు మా ఆయనను "పోయి సముద్రం చూడు" అని బయటికి తోలేదాన్ని. ఆయన గురక సంగతి రాస్తే ఇంట్లో అన్నం పుట్టదు. చలి ఎక్కువై ఆమెకు రెండు దుప్పట్లు కప్పవలసి వచ్చింది. అయినా ఆ మూడు రోజులూ ఆమె చెంబు నిండా నీళ్లు తాగింది, మాత్రలు వేసుకుంది. ఒక సాయంకాలం డెక్కు మీదికి వచ్చి ఎగిరే చేపలను చూసి చిన్నపిల్లలాగా చప్పట్లు కొట్టింది.

ఇదంతా విన్న తమ్ముడు "అయితే డీలక్సు తీసి అమ్మనూ నా పెండ్లాన్నీ అందులో పెడితే?" అన్నాడు. అది మంచి ఏర్పాటే, డబ్బుంటే. అత్తాకోడండ్లు మాట్లాడుకునే ఇల్లయితే మరీ మంచిది. మాట్లాడుకోని ఇల్లయితే 60 గంటలు ఒకే గదిలో పెట్టడం ఇద్దరికీ శిక్ష. కూతురు తోడుంటే కూతురే మేలు. నవ్వవద్దు, ఈ సంగతి మనసులో పెట్టుకోకుండా టికెట్టు తీసినవాళ్లను నేను చూశాను.

టికెట్టు తీసే ముందు పెద్దవాళ్లను అడగవలసిన ప్రశ్న ఒకటుంది. "నీకు ఏ గది కావాల?" అని అడిగితే జవాబు రాదు. "రాత్రి ఎన్నిసార్లు లేస్తావు?" అని అడగాలి. కొడుకు తల్లిని ఈ మాట అడగలేడు, అడిగినా తల్లి చెప్పదు. కూతురో కోడలో పనిలో పనిగా, కాళ్లకు నూనె రాస్తూనో తల దువ్వుతూనో అడగాలి. మామగారినయితే ఆయన ఈడు మనిషి ఎవరైనా అడగాలి. రెండు మూడుసార్లు లేచేవారికి లోపలే మరుగుదొడ్డి ఉన్న గది తప్పనిసరి. దానికోసం వేరే ఖర్చు ఏదైనా తగ్గించుకోండి. అది కుదరనప్పుడు మూతగల చిన్న ప్లాస్టిక్ బకెట్టు ఒకటి తీసుకుపోండి. సిగ్గుపడవలసిన పని లేదు, మన అవ్వలు వానాకాలం రాత్రులలో అదే చేసేవారు.

రెండోది మంచం. పైమంచం పెద్దవాళ్లకు వద్దు అని అందరికీ తెలుసు. తెలిసినా కౌంటరులో ఇచ్చిన నెంబరు చూసుకోకుండా వచ్చి, ఎక్కిన తర్వాత తోటి ప్రయాణికులను బతిమాలతాము. ముందే చూసుకోండి. రైలులోనూ ఇదే. విశాఖకు పోయి ఓడెక్కేవాళ్లకు రైలులో ఒకటి రెండు రాత్రులు తప్పవు గనుక చెబుతున్నాను. 60 ఏండ్లు దాటిన మగవారికీ, 45 దాటిన స్త్రీలకూ స్లీపరు, ఏసీ పెట్టెల్లో కింది బెర్తులు కొన్ని విడిగా కేటాయించి ఉంటాయి. అయితే ఆ కోటా వారు ఒంటరిగా గాని, ఆ వయసువారే ఇద్దరు గాని ఒక టికెట్టు మీద పోతేనే వర్తిస్తుంది. పిల్లలూ పెద్దలూ కలిపి ఒకే టికెట్టు తీస్తే ఆ కోటా రాదు. కుటుంబం కలిసి ఉండాలని ఒకే టికెట్టు తీస్తాము, ముసలామెకు పైబెర్తు వస్తుంది! వృద్ధులకు ఇచ్చే ఛార్జీల రాయితీ మాత్రం 2020 మార్చిలో ఆపేశారు.

మూడోది ఓడలో గది ఎక్కడుంది అనేది. ఓడ ముందు కొసా వెనుక కొసా ఉయ్యాల పలక కొసల్లాగా లేచి పడుతుంటాయి. నడిమి భాగంలో ఊపు తక్కువ. పై అంతస్తులకంటే కింది అంతస్తులలో పక్కలకు ఊగడమూ తక్కువే. యోనా ఓడ అడుగుభాగానికి దిగిపోయి అంత తుపానులోనూ గాఢంగా నిద్రపోయాడని చదివినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తుకొస్తుంది. అయితే కిందికి పోయేకొద్దీ మెట్లు ఎక్కువ. మోకాళ్ల నొప్పులున్నవారికి భోజనాల హాలు ఉన్న అంతస్తులోనే, నడిమి భాగంలో గది దొరికితే అంతకంటే కావలసింది లేదు. నెలను బట్టి కూడా ఉంటుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా బంగాళాఖాతం కొంత నెమ్మదిగా ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం, ఆ నెలల్లో ముసలివాళ్లతో ఓడ ప్రయాణం పెట్టుకోకపోవడమే తెలివి.

నాలుగోది ఎవరూ తలచుకోని సంగతి. ఓడలో అపాయం వస్తే సైరను మోగుతుంది, అందరూ లైఫ్ జాకెట్లు తొడుక్కొని చెప్పిన చోటికి చేరాలి. ఇటలీ దగ్గర 2012 జనవరి 13న కోస్టా కంకార్డియా అనే పెద్ద విహార ఓడ బండకు తగిలి ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. ఆ ఓడలో అప్పుడే ఎక్కినవారికి ఇంకా ఆ కసరత్తు నేర్పలేదు. తర్వాత అంతర్జాతీయ నియమం మార్చి, 2015 నుంచి ఓడ బయలుదేరే ముందుగాని, బయలుదేరిన వెంటనేగాని నేర్పాలని పెట్టారు. సైరను మోగినప్పుడు మన తల్లి రెండు అంతస్తుల పైన, వినికిడి యంత్రం తీసి పెట్టుకొని ఒంటరిగా నిద్రపోతుంటే? మెట్ల మీద జనమంతా ఒకవైపు పోతుంటే మనం ఎదురు పోవాలి. మా అత్తగారు పడిన రాత్రి తర్వాత నేను ఆ మెట్ల మీద నిలుచొని ఈ ఆలోచన చేసి చెమటలు పట్టి కూర్చున్నాను. ఒకే గది కుదరకపోతే కనీసం ఒకే అంతస్తులో, ఒకే నడవాలో ఉండేటట్టు అడిగి తీసుకోండి.

మందుల విషయం డాక్టరును అడగనిదే ఏదీ చేయవద్దు. ఓడ వాంతులకు ఆవోమిన్ వంటి మాత్రలు అంగళ్లలో దొరుకుతాయి. అవి మత్తు తెస్తాయి. ముసలివారు ఆ మత్తులో తూలి పడవచ్చు, మతి తప్పినట్టు మాట్లాడవచ్చు. ప్రోస్టేటు వాపు ఉన్న మగవారికి మూత్రం బిగుసుకుంటుంది. కంటిలో నీటి ఒత్తిడి ఉన్నవారికి కూడా మంచివి కావు. నీళ్ల మాత్ర వేసుకునేవారు దాన్ని పొద్దున్నే వేసుకోవచ్చునా అని డాక్టరును అడిగితే రాత్రి లేచే బాధ తగ్గుతుంది. మా అత్తగారి విషయంలో ఈ ఒక్క ప్రశ్న ముందే అడిగి ఉంటే ఎంత మేలయ్యేదో. గుండె బలహీనమై ఆయాసపడేవారు, మతిమరుపు ముదిరినవారు, ఈమధ్యనే ఆపరేషను అయినవారు అయితే నా అభిప్రాయం వేరు. ఓడ వద్దు. చెన్నై నుంచి విమానంలో రెండు గంటల పైచిలుకు, కళ్లు మూసి తెరిచేలోగా దిగుతారు. దాన్ని కూడా వారి డాక్టరును అడిగే చేయాలి.

ఇక విహార ఓడల గురించి కొంచెం. మన ఆంధ్రలో విశాఖకు 2022 జూన్‌లో కార్డీలియా వారి ఎంప్రెస్ అనే ఓడ వచ్చి పుదుచ్చేరి మీదుగా చెన్నైకి ప్రయాణికులను తీసుకుపోయింది. మరుసటి ఏడు సెప్టెంబరులో విశాఖలో అట్టి ఓడల కొరకే ఒక టెర్మినల్ ప్రారంభించారు. మన పల్లెల్లో ఎంతమంది ఎక్కుతారో చెప్పలేను గాని, అమెరికాలో ఉండే మన బిడ్డలు తల్లిదండ్రులను అక్కడ ఇట్టి ఓడల్లో తిప్పడం ఇప్పుడు మామూలయింది. పుంగనూరు వైపు మాకు బంధువైన ఒక విశ్రాంత హెడ్మాస్టరు గారిని ఆయన కొడుకు టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి అట్లా తీసుకుపోయాడు. ముసలి దంపతులకు లోపలి గది, కొడుకూ కోడలికీ పై అంతస్తులో బాల్కనీ ఉన్న గది. లోపలి గదికి కిటికీ ఉండదు. దీపం ఆర్పితే నడిరాత్రో మిట్టమధ్యాహ్నమో తెలియదు. ఆయన తెల్లవారిందనుకొని రాత్రి మూడింటికి స్నానం చేసి, ప్యాంటూ చొక్కా తొడుక్కొని కాఫీకి బయలుదేరాడట! నడవాలో వందల తలుపులు, అన్నీ ఒకటే రంగు. తిరిగి గది కనుక్కోలేక ఒక గంట తిరిగాడు. "మా బడిలో వెయ్యిమంది పిల్లల పేర్లు తెలిసినోన్ని, నా గది నెంబరు నాకు గుర్తు లేకపాయె" అని చెప్పి నవ్వించాడు గాని, ఆ నవ్వులో ఆయన పడిన అవమానం నాకు కనిపించింది. మరునాడు ఆయన భార్య తన ఎర్ర రిబ్బను ముక్క తలుపు పిడికి కట్టింది. ఆ తర్వాత ఇబ్బంది లేదు.

అటువంటి ఓడలకు బుక్ చేసే బిడ్డలు తెలుసుకోవలసినవి: నలుగురి గది అంటే రెండు మంచాలు కింద, మరి రెండు గోడలోనుంచో పైకప్పులోనుంచో దించి నిచ్చెన మీద ఎక్కేవి. కింద ఉన్నది జోడు మంచమయితే విడదీయమని ముందే అడగాలి. రెండు గదుల మధ్య తలుపు ఉండే జంట గదులు కొన్ని ఉంటాయి. ముసలివారికి వారి మర్యాద వారికి ఉంటుంది, పిలిస్తే పలికే దూరంలో పిల్లలుంటారు. నా లెక్కలో అన్నిటికంటే మంచి ఏర్పాటు అదే. నడవలేనివారి కొరకు గడప లేని, వెడల్పు తలుపు, పట్టుకునే కమ్మీలు, కూర్చొని స్నానం చేసే పీట ఉన్న గదులు కూడా కొన్ని ఉంచుతారు. అవి కొద్దే గనుక నెలల ముందే అయిపోతాయి. ఓడ మరొక దేశపు రేవుకు పోయి వస్తుంది గనుక మన పెద్దవాళ్ల వీసా మళ్లీ లోపలికి రానిస్తుందా అని కూడా చూసుకోవాలి.

మన పూర్వులకు ఈ ఎంపికలేవీ లేవు. మద్రాసు నుంచి పినాంగు, సింగపూరు పోయిన రజూలా ఓడ 1926 నుంచి దాదాపు అర్ధ శతాబ్దం నడిచింది. అందులో వేలమంది డెక్కు ప్రయాణికులు తాటాకు చాపలు పరచుకొని, తమ మూటలే హద్దులుగా పెట్టుకొని పడుకునేవారు. ముసలివారిని నడుమ పడుకోబెట్టి చుట్టూ కుటుంబం పడుకునేది. సుఖం లేదు గాని, లేచినప్పుడు ఎవరి కాలో తగిలేది.

మా అత్తగారు 2021లో ప్రభువు సన్నిధికి చేరారు. చివరి నెలల్లో ఆమె మంచం పక్కన నేను నా మంచం వేసుకున్నాను. అప్పుడప్పుడు నడిరాత్రి లేచి "ఓడ ఇంకా పోతానే ఉండాదా పాపా?" అని అడిగేది. పోతా ఉంది అత్తా, పండుకో అనేదాన్ని.

మొన్న బుధవారం ఆ తమ్ముడు మళ్లీ కనిపించాడు. నలుగురి కేబిను తీశాడట, కింది మంచాలు రెండూ వచ్చేటట్టు కౌంటరులో అడిగి మరీ తీసుకున్నాడు. చెల్లెలు ద్వీపవాసి కార్డున్నది గనుక తానే వచ్చి తల్లిని వెంటబెట్టుకొని పోతానన్నదట. దాంతో ఖర్చు కొంత కలిసి వచ్చింది. వాళ్లమ్మను రాత్రి ఎన్నిసార్లు లేస్తుందో కనుక్కున్నారా అని అడిగాను. అతను తల వంచుకొని, "నా పెండ్లాం అడిగింది అక్కా. నాలుగుసార్లంట. ఇన్నేండ్లు ఒకే ఇంట్లో ఉండి నాకు తెలీదు" అన్నాడు. ఆమె ఇప్పుడు ఏ జాడీలో ఏ ఊరగాయ పెట్టాలా అనే చింతలో ఉందట. జాడీ మూతకు గుడ్డ గట్టిగా కట్టమని చెప్పి పంపాను. ఓడలో మాది ఒకటి ఒలికింది.